బేరం చేసి తీర్చిన అప్పు

మిషన్ల గది,
ఫిబ్రవరి 9

ఒరేయ్ చిన్నోడా,

గుండెల మీద కుంపటి దిగిందిరా. నా కుట్టుమిషన్ల అప్పు ఇవాళ్టితో సరి. బ్యాంకు వాళ్ళు ముద్ర వేసి కాగితం కూడా ఇచ్చారు. జామీను సంతకం పెట్టినవాడివి కాబట్టి ముందు నీకే రాస్తున్నాను. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఇక్కడ నా మిషన్ల మోత, అక్కడ నీ లేతు మిషను మోత, మధ్యలో "ఆఁ? ఏంటీ?" అనుకోవడం తప్ప మనం ఫోన్లో ఏనాడు ఏం మాట్లాడుకున్నాం గనక!

అసలు సంగతి విను. బడి యూనిఫారాల ఆర్డరు చేజారాక వాయిదాలు ఎగ్గొట్టుకుంటూ వస్తున్నానని నీకు తెలుసు. ఇక లాభం లేదని మీ బావ తన పాత వ్యాను అమ్మేశాడు. ఆ డబ్బు పట్టుకుని బ్యాంకుకి వెళ్ళాను. వసూళ్ళ మనిషి కళ్ళజోడు సర్దుకుని మొత్తం బాకీ చదివాడు. చెప్పిన రేటుకి కొనేదాన్నా నేను? అలా కొనుక్కొచ్చినవాళ్ళని అమ్మ గుమ్మంలోనే నిలబెట్టేది కదా! "ఇంత ఇస్తాను, తీసుకుంటే ఇప్పుడే, లేదంటే ఇంటికి పోతాను" అన్నాను. ఆయన లోపలికి వెళ్ళి వచ్చాడు. నేను బ్యాగు భుజానికి తగిలించి లేచాను. మళ్ళీ లోపలికి పరుగు. చివరికి మూడో వంతు వదిలేశారురా! కూరగాయలవాణ్ణి బేరమాడటం ఎవరికైనా వచ్చు. నేను బ్యాంకునే బేరమాడాను.

వ్యాను డబ్బులో కొంత మిగిలిన సంగతి మీ బావకి ఇంకా చెప్పలేదు. నాలుగు రోజులు నేనొక్కదాన్నే మురిసిపోతాను.

మరదలికి నా మాటగా చెప్పు, ఇక నీ సంతకానికి నా వల్ల ఏ భయమూ లేదని.

మీ అక్క


లేతు షాపు, భోజనాల వేళ,
ఫిబ్రవరి 17

బేరాలక్కా,

ఆ వసూళ్ళ మనిషి ఆ పూట ఇంటికి వెళ్ళి ఎవరితోనూ మాట్లాడి ఉండడు. నువ్వు రేపు యముడొచ్చినా "ఇంకో పదేళ్ళు వేసుకో, నీ మాటా వద్దు నా మాటా వద్దు" అంటావు. నిజంగా సంతోషంగా ఉంది. మీ మరదలైతే ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది.

నా దగ్గరా ఒక కబురుంది. మా షాపు పెద్దాయన మోకాళ్ళు ఇక నిలబడనివ్వడం లేదు. కూతురి దగ్గరికి వెళ్ళిపోతాడట. నిన్న షట్టరు దించాక నన్ను కూర్చోబెట్టి, "పక్క సందు తుక్కు వ్యాపారి అడుగుతున్నాడు. వాడికిస్తే మిషన్లు విప్పి ఇనుము కింద తూకమేసి అమ్ముకుంటాడు. నాకు మనసు రావడం లేదు. నువ్వు తీసుకో" అన్నాడు. రెండు లేతులు, ఒక డ్రిల్లింగు మిషను, గది అద్దె ఒప్పందంతో సహా. మే ఆఖరుకి డబ్బు ఇవ్వాలి. ముందుగా కొంత బయానా. గడువు దాటితే బయానా తిరిగి రాదు, అది ఈ బజారులో అందరికీ ఉన్న పద్ధతే.

అక్కా, ముప్ఫై ఏళ్ళుగా ఆ పెద్ద లేతు దగ్గరే నిలబడుతున్నాను. అది ఏ పూట ఎలా మూలుగుతుందో మీ మరదలి మూడ్ కంటే బాగా తెలుసు నాకు. ఇన్నాళ్ళూ షాపు తెరిచింది నేనే, తాళం చెవి మాత్రం సాయంత్రానికి ఆయన జేబులోకి పోయేది. ఇప్పుడు నా జేబులో ఉంటుంది. రాస్తుంటేనే సిగ్గుగా ఉంది, చిన్నపిల్లాడిలా అనిపిస్తోంది.

బ్యాంకులో అడుగుతాను. నాకేం భయం? ఎవరికీ టీ డబ్బులు కూడా బాకీ పడినవాణ్ణి కాదు.

చిన్నోడు


మిషన్ల గది,
ఫిబ్రవరి 26

చిన్నోడా, కాదు కాదు, ఓనరు గారూ,

మీ బావకి చదివి వినిపిస్తే, "ఇక వీడికి మర్యాద ఇవ్వాలన్నమాట" అని నిట్టూర్చాడు.

ఈ ఉత్తరం వెనకే నీ ఖాతాలో కొంత డబ్బు పడుతుంది. కంగారుపడకు. వ్యాను డబ్బులో మిగిలింది మీ బావకే అప్పజెప్పాను. ఇది వేరే. జాకెట్లు కుట్టి కుట్టి నేను కూడబెట్టుకున్నది. బయానాకి వాడుకో. తిరిగి ఇస్తానన్నావంటే ఊరుకోను. నా అప్పుకి నువ్వు కళ్ళు మూసుకుని సంతకం పెట్టినప్పుడు నేనేమైనా వద్దన్నానా?

షాపుకి రంగు వేయించేటప్పుడు నన్ను పిలువు. రంగులవాళ్ళతో మాట్లాడటం నీ వల్ల కాదు.

అక్క


ఇల్లు,
ఏప్రిల్ 2

అక్కకి,

డబ్బు అందింది. బయానాగా పెద్దాయనకి ఇచ్చాను. చాలా సాయం చేశావు. బ్యాంకులో కాగితాలు నడుస్తున్నాయి. కొంత సమయం పడుతుంది. ఇక్కడ అంతా క్షేమం. మీరంతా బాగున్నారనుకుంటాను.

తమ్ముడు


మిషన్ల గది,
ఏప్రిల్ 10

ఒరేయ్,

అది ఉత్తరమా? మా కరెంటు బిల్లు అంతకంటే ప్రేమగా ఉంటుంది. "చాలా సాయం చేశావు" ఏంటి? నేనేమైనా సహకార సంఘం అధ్యక్షురాలినా?

ఏదో జరిగింది. చిన్నప్పుడు పరీక్ష పోయినప్పుడు కూడా ఇలాగే "అంతా క్షేమం" అంటూ తిరిగావు, వారం తర్వాత బయటపడింది. మరదలితో గొడవా? ఒంట్లో బాగోలేదా? పెద్దాయన మాట మార్చాడా? నాకు నిద్ర పట్టడం లేదు. నిన్న ఒకావిడ జాకెట్టుకి రెండు చేతులూ ఎడమవే కుట్టాను. ఆవిడ తిట్టింది, నేను నవ్వలేకపోయాను.

ఉన్నదున్నట్టు రాయి. చెడ్డదైనా సరే.

అక్క


ఇల్లు,
ఏప్రిల్ 18

అక్కా,

రాయకూడదనుకున్నాను. "వదినకి చెప్పకుండా ఎన్నాళ్ళు మింగుతావు" అని మీ మరదలే కాగితం తెచ్చి ముందు పెట్టింది.

బ్యాంకు నాకు అప్పు ఇవ్వనంది. మార్చిలోనే చెప్పేసింది. కౌంటరులో అమ్మాయి మంచిది, కంప్యూటరు నా వైపు తిప్పి చూపించింది. నా క్రెడిట్ ఫైలులో, అంటే నా పేరు మీది అప్పుల చిట్టాలో, నా సొంత అప్పు ఒక్కటీ లేదు. నీ మిషన్ల అప్పు ఉంది. దాని కింద జామీనుదారుగా నేనున్నాను. పక్కన "సెటిల్డ్" అని రాసి ఉంది. "తీరిపోయిందనేగా?" అన్నాను. కాదట. మొత్తం కట్టినవాళ్ళకి "క్లోజ్డ్" అని రాస్తారట. బ్యాంకు కొంత నష్టపోయి వదిలేసినవాళ్ళకి ఇలా రాస్తారట. బాకీ పూర్తిగా తీర్చని మనుషులమని అన్ని బ్యాంకులకీ దండోరా వేసినట్టే. అది ఏళ్ళ తరబడి అలాగే ఉంటుందట. ఇంకో రెండు చోట్ల అడిగాను. అన్నిచోట్లా ఆ ఒక్క ముక్క దగ్గరే వేలు ఆగుతోంది.

నువ్వు గెలిచానని మురిసిన ఆ మూడో వంతు నా పేరు మీదికి వచ్చి కూర్చుంది.

పెద్దాయనకి మాత్రం కాగితాలు ఆలస్యమవుతున్నాయని చెబుతున్నాను. ఆయన ముందు అబద్ధమాడటం ఇదే మొదలు. లేతు మీద కొలతలు తప్పుతున్నాను. మొన్న ఒక పంపు షాఫ్టు పాడుచేస్తే ఆయన ఏమీ అనకుండా కొత్త కడ్డీ తెచ్చి ఇచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఒక్క దారి ఉందట. వదిలేసిన మూడో వంతు ఇప్పుడైనా కట్టేస్తే, ఏ బాకీ లేదని బ్యాంకు కాగితం ఇచ్చి, ఫైలు సరిచేయిస్తుందట. బావకి అప్పజెప్పానన్నావే, ఆ మిగులు ఇంకా ఉందా? ఉంటే అడుగు. నేను కాళ్ళు పట్టుకున్నానని చెప్పు.

చిన్నోడు


మిషన్ల గది,
ఏప్రిల్ 27

చిన్నోడా,

నీ ఉత్తరం చదివి మిషను మీదే తల వాల్చి ఏడ్చాను. బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే వెనక్కి తిరిగారు.

ఆ మిగులు మీ బావ దగ్గర లేదురా. నీకు పంపింది అదే. కూడబెట్టుకున్నానని అబద్ధం చెప్పాను. నిజం చెబితే బావ వ్యాను డబ్బు నాకొద్దంటావని. ఇప్పుడది పెద్దాయన దగ్గర బయానాగా ఉంది. నీ పేరు చెడగొట్టి మిగిల్చిన డబ్బుని నీకే బహుమానంగా పంపాను. ఎన్నిసార్లు చెంపలు వేసుకుంటే సరిపోతుంది?

బ్యాంకుకి వెళ్ళాను. ఆ వసూళ్ళ మనిషే ఉన్నాడు. "ఆ రోజు మీరు సంతకం పెట్టిన కాగితంలో ఇదంతా ఉందమ్మా" అన్నాడు. ఉందేమో. నా కళ్ళు తగ్గించిన అంకె దగ్గరే ఆగిపోయాయి, ఇంకో లైను కిందికి దిగలేదు. మూడో వంతు, దాని మీద వడ్డీ కట్టాలట. కట్టాక ఫైలు మారడానికి నెలా రెండు నెలలట. ఎంత చెబితే అంత అన్నాను. ఆయనే నా మొహంలోకి అదోలా చూశాడు.

డబ్బు త్వరలోనే కడతాను. ఎక్కణ్ణుంచని అడక్కు. కానీ మే ఆఖరుకి ఫైలు మారదు కదా, ఆ గడువే నన్ను తినేస్తోంది. ఏదో ఒకటి ఆలోచిస్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. అయినా పట్టుకోనీ.

అక్క


లేతు షాపు,
మే 12

అక్కా,

నిన్ను తిట్టాలనే కూర్చున్నాను. తిట్లు రాలేదు. నువ్వు నాకు మంచే చేయాలనుకున్నావు, ఆ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మంచి కబురు. ఆదివారం పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఇంకొంత సమయం కావాలని అడగడానికి గంటసేపు నానా మాటలూ మాట్లాడాను. ఆయనే, "జూలై ఆఖరుదాకా ఆగుతాను, నీ మాట చాలు" అన్నాడు. బయటికొచ్చి రోడ్డు మీద ఏడ్చాను. కాగితాలు ఆలస్యమన్న నా అబద్ధం మీదే ఆయన ఆగుతున్నాడు, అదొక్కటే ముల్లులా గుచ్చుతోంది. ఫైలు మారిపోతే ఆ ముల్లూ పోతుంది.

నువ్వు బ్యాంకులో డబ్బు కట్టు, చాలు. ఇంకేమీ చేయకు. మీ మరదలు చాన్నాళ్ళకి నవ్వుతోంది.

చిన్నోడు


మీ ఊరి బస్ స్టాండు, బెంచీ మీద,
మే 12

చిన్నోడా,

ఆశ్చర్యపోకు. పొద్దుటి బస్సుకి వచ్చాను, ఇప్పుడు తిరిగి వెళ్ళిపోతున్నాను. మీ ఇంటికి రావడానికి మొహం చెల్లలేదు. పెద్దాయన ఇంటికి వెళ్ళాను.

బ్యాంకు దగ్గర నోరు పారేసుకుని నీ పీకల మీదికి తెచ్చినదాన్ని, ఆ నోటితోనే నీకు గడువు సంపాదిద్దామనుకున్నాను. అన్నీ చెప్పాను. మా తమ్ముడు నిప్పులాంటివాడండీ, బాకీ నాది, తగ్గించి కట్టింది నేను, వాడి ఫైలు పాడైంది నా వల్ల, అందుకే బ్యాంకు ఇవ్వనంది, డబ్బు కట్టేస్తున్నాను, కాస్త ఆగండి, లేదా సగం ఇప్పుడు సగం తర్వాత తీసుకోండి అన్నాను. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అంతా విన్నాడు. ఆఖరున, "బ్యాంకు మార్చిలోనే కాదందా అమ్మా?" అని ఒక్కటే అడిగాడు. అవునన్నాను. కాసేపు మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు. గేటు దాకా వచ్చి సాగనంపాడు. మంచి మనిషిరా.

సరేనని నోటితో అనలేదు గానీ కాదని కూడా అనలేదు. నేనెన్ని బేరాలు చూడలేదు? కాదనలేదంటే సగం ఒప్పుకున్నట్టే. ఎందుకో మనసు కాస్త కీడు శంకిస్తోంది, ఎండకేమో. బస్సు వచ్చింది.

అక్క


ఇల్లు,
జూన్ 28

అక్కా,

నీ నాలుగు ఉత్తరాలూ అందాయి. జవాబు రాయాలనిపించలేదు.

నువ్వు వచ్చి వెళ్ళిన మర్నాడు షాపు తెరవగానే పెద్దాయన నన్ను పిలిచాడు. అరవలేదు. "ముప్ఫై ఏళ్ళు నువ్వు కొలిచినదాన్ని నేను మళ్ళీ కొలవలేదు. ఇప్పుడు కొలవాలనిపిస్తోంది" అన్నాడు. బ్యాంకు కాదన్నా కాగితాలు నడుస్తున్నాయని ఎందుకు చెప్పావన్నాడు. "జూలై అన్నది నిజం చెప్పేవాడికి. మే ఆఖరన్నాం, మే ఆఖరే" అన్నాడు. నేను డబ్బు తీసుకురాలేనని తెలిసినా ఆ రోజుదాకా ఆగాడు. తర్వాత తుక్కు వ్యాపారికి ఇచ్చేశాడు. బయానా పద్ధతి ప్రకారం ఆయనదైంది. నేను అడగలేదు.

ఆ మిషన్లు విప్పడం తుక్కు వ్యాపారి మనుషులకి చేతకాలేదు. ఏ బోల్టు ఎక్కడుందో తెలిసినవాడు కావాలని నాకే కబురు పెట్టాడు, రోజు కూలి ఇస్తానని. ఇంట్లో సరుకులు లేవు, వెళ్ళాను. నేను పని నేర్చుకున్న పెద్ద లేతుని నా చేతులతో నేనే విప్పాను. మూలన కాటా పెట్టారు. తలుపు ఊచలూ, తుప్పు రేకులూ, ఆ లేతూ, అన్నిటికీ ఒకటే రేటు. గేర్లు బాగున్నాయి, ఇంకో యాభై ఏళ్ళు తిరుగుతాయని చెప్పాను. అతను తల ఎత్తకుండా బరువు రాసుకున్నాడు. పెద్దాయన చూడటానికి రాలేదు.

ఇప్పుడు గేట్లూ గ్రిల్లులూ చేసే షెడ్డులో రోజు కూలికి వెళ్తున్నాను. పిలిచిన రోజు పని, పిలవని రోజు లేదు.

అబద్ధం నాదే. కానీ ఆ అబద్ధం ఆడాల్సిన గతి నాకు ఎవరి వల్ల పట్టింది? నువ్వు నోరు మూసుకుని ఇంట్లో కూర్చుని ఉంటే ఆ షాపు ఇవాళ నాది. ఈ మాట రాయకుండా ఉందామని నెల రోజులు చూశాను. ఉండలేకపోయాను.

తమ్ముడు


వంటిల్లు,
జూలై 30

చిన్నోడా,

తిట్టావు. మంచిది. తిట్టకుండా నెల రోజులు ఊరుకున్నావే, అప్పుడే ఎక్కువ భయమేసింది. ఇంకా ఏమైనా మిగిలి ఉంటే అది కూడా రాసెయ్.

దీనితో పాటు బ్యాంకు కాగితం పంపుతున్నాను. మూడో వంతూ వడ్డీ కట్టేశాను. ఏ బాకీ లేదని రాసి ఇచ్చారు. నీ ఫైలు కూడా మారిందట, వసూళ్ళ మనిషి కంప్యూటరులో చూపించాడు. నీ పేరు పక్కన "క్లోజ్డ్" అని నా కళ్ళతో చూశాను. ఈసారి ప్రతి లైనూ చదివించుకున్నాను. నా వెనక పెద్ద క్యూ ఉంది, అయినా చదివించుకున్నాను.

ఎక్కణ్ణుంచి తెచ్చానో ఇప్పుడు దాచను. రెండు మిషన్లు అమ్మినా సరిపోలేదు, మూడోదీ ఇచ్చేశాను. కొనేవాడు చెప్పిన రేటుకే ఇచ్చాను. వాడే రెండోసారి అడిగాడు, నిజంగానే ఇస్తున్నావా అని. మీ బావకి అంతా తెలిసిపోయింది. అరిస్తే బాగుండు. అన్నం పెట్టమనడానికి తప్ప నోరు విప్పడం లేదు. పగలు పరాయివాళ్ళ వ్యాను తోలి వస్తాడు, గోడవైపు తిరిగి పడుకుంటాడు.

నేను ఒక బట్టల కొట్టుకి చేతికుట్టు చేస్తున్నాను. అంచులు మడిచి కుట్టడం, గుండీలు వేయడం. మిషను మీద నిమిషంలో అయ్యే పనికి పూటంతా పడుతోంది. నాకు ఇదే తగిన శిక్ష.

నీకు షాపు తిరిగి ఇవ్వలేను. పేరైనా తిరిగి ఇద్దామనుకున్నాను. నువ్వు తీసుకుంటే చాలు.

అక్క


ఇల్లు,
ఆగస్టు 24

అక్కా,

కాగితం అందింది. బ్యాంకుకి వెళ్ళి చూపించాను. అదే అమ్మాయి ఉంది. ఫైలు తెరిచి, "చాలా బాగుందండీ, ఆ షాపు అప్పుకి మళ్ళీ అప్లై చేయండి" అని సంతోషంగా చెప్పింది. షాపు లేదన్నాను. అయ్యో అంది. వేరే ఏ అవసరానికైనా చిన్న అప్పు వెంటనే ఇస్తామంది. ఫారం కూడా ఇచ్చింది.

ఇంటికొచ్చి మీ మరదలికి చెప్పాను. తను ఒక్క క్షణం ఆలోచించలేదు. "అయితే ఆ అప్పు తీసుకుని వదినకి రెండు మిషన్లు కొనిద్దాం. నీ కోసమేగా అమ్ముకుంది. కుట్టి తనే తీరుస్తుంది" అంది. ఫారం నా ముందు పెట్టి పెన్ను ఇచ్చింది. వారం నుంచి అది బల్ల మీదే ఉంది. తను దాని మీద దుమ్ము తుడుస్తోంది గానీ తీయడం లేదు.

నీ మీద కోపం పోయిందక్కా. నిజంగా పోయింది. మిషన్లు లేకుండా నువ్వు అంచులు మడుస్తూ కూర్చున్నావని రోజూ తలుచుకుంటూనే ఉన్నాను. కానీ ఆ ఫారం చేతిలోకి తీసుకుంటే నా చెయ్యి కదలడం లేదు. నా పేరు పక్కన మళ్ళీ నీ పని అనేసరికి భయమేస్తోంది. నువ్వు మోసం చేస్తావని కాదు. నువ్వు మళ్ళీ నాకేదో మంచి చేస్తావని.

ఇదివరకైతే నన్ను ఎవరూ అడగనక్కర్లేదు. నేనే పరుగెత్తుకొచ్చేవాణ్ణి. ఆ మనిషి నాలో ఎటు పోయాడో నాకూ తెలియడం లేదు. వెతుకుతున్నాను.

ఈ సంగతి మీ మరదలి నోటి నుంచి ఎప్పుడో నీకు తెలుస్తుంది. అంతకంటే ముందు నేనే చెప్పడం నయమనిపించింది. మిషన్లు నేను కొనివ్వను. కొనివ్వగలిగి ఉండీ కొనివ్వడం లేదు.

చేతికుట్టుతో కళ్ళు పోతాయి. దీపం దగ్గరగా పెట్టుకుని కుట్టు.

తమ్ముడు